ఉంగరపు వేలి సాక్ష్యం

"చెయ్యి ఇలా టేబుల్ మీద పెట్టండి," అన్నాడు కొలతల డాక్టరు.

"ఎందుకు? జాతకం చెబుతారా?" అంది పేచీ.

ఇన్‌స్పెక్టర్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. మఖమల్ పెట్టెలోంచి పొడవులు కొలిచే వెర్నియర్ తీసి, అద్దాలు తుడుచుకునే గుడ్డతో దాని దవడలు తుడుస్తూ నిలబడ్డాడు. మనిషి స్వభావమంతా వేళ్ళ పొడవులోనే ఉందని టీవీల్లో చెప్పి పేరు తెచ్చుకున్నవాడు ఆయన. రెండేళ్ళుగా పోలీసులు ఏ చిక్కు కేసు వచ్చినా ఆయన్నే పిలుస్తున్నారు.

ఇక పేచీకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏమిటో ఆ స్టేషన్‌లో ఎవరికీ గుర్తులేదు. గడప తొక్కిన ప్రతిసారీ ఏదో ఒక పేచీ పెట్టుకోకుండా పోదని పోలీసులే ఆ ప్రైవేటు డిటెక్టివ్‌కి ఆ పేరు తగిలించారు. ఆమె చిన్నబుచ్చుకోకపోగా దాన్నే విజిటింగ్ కార్డు మీద వేయించుకుంది.

ఆమె చెయ్యి వెల్లకిలా పెట్టింది. డాక్టరు చూపుడు వేలి మొదట్లో ఉన్న మడత నుంచి కొన దాకా కొలిచాడు. ఉంగరపు వేలూ అలాగే కొలిచాడు. ఒకదాన్ని రెండోదానితో భాగించి తల పంకించాడు.

"సున్నా పాయింటు తొమ్మిది నాలుగు. మీ ఉంగరపు వేలు బాగా పొడుగు. బిడ్డ తల్లి కడుపులో ఉండగా మగ హార్మోన్ ఎక్కువగా తగిలితే ఉంగరపు వేలు సాగుతుంది, ఈ నిష్పత్తి తగ్గుతుంది. మీ దూకుడు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది. అయితే నన్నూ లోపలెయ్యండి."

"ఎగతాళి చేస్తే సైన్సు మారదు మేడమ్."

"సైన్సుని నేనెక్కడ ఎగతాళి చేశాను? మిమ్మల్ని చేస్తున్నాను," అంది పేచీ. "సగటున మగవాళ్ళు ఆడవాళ్ళకంటే పొడుగు. అది సైన్సు. మీకంటే నేను నాలుగంగుళాలు పొడుగు. అందుకని నేను మగవాణ్ణీ, మీరు ఆడమనిషీ అయిపోయామా? వేలమందిని వరసగా నిలబెట్టి వేళ్ళు కొలిస్తే ఓ చిన్న మొగ్గు కనబడుతుంది. నేనూ చదివాను. అది గుంపు గురించిన మాట. ఒక్క మనిషిని పట్టుకుని, నీ వేలు పొడుగు కాబట్టి నువ్వే నాన్నని చంపావు అనడానికి ఆ లెక్క చాలదు."

ఈ గొడవంతా ఎందుకంటే, పక్క గదిలో ఒక అమ్మాయి ఆ లెక్క వల్లే కూర్చుని ఉంది. ఆమె తండ్రిని అందరూ మాస్టారు అనేవాళ్ళు. చేతులు పోగొట్టుకున్నవాళ్ళకి పెట్టుడు చేతులు చేసే వర్క్‌షాపు ఆయనది. మొన్న పొద్దున, ప్లాస్టర్ అచ్చులు పోసే పోత గదిలో శవమై కనిపించాడు. వెనక నుంచి చెక్క సుత్తితో కొట్టారు. పక్కనే ఒక పళ్ళెం నిండా గట్టిపడిన ప్లాస్టర్, దానిలో రెండు చేతుల అచ్చులు. కొట్టినవాళ్ళు తూలిపడబోయి తడి ప్లాస్టర్ మీద చేతులు ఆనించారని పోలీసుల ఊహ. పోత పనికి వాడే పల్చటి రబ్బరు తొడుగులు ఉండటంతో వేలిముద్రలు పడలేదు. అందుకే కొలతల డాక్టరుకి కబురు వెళ్ళింది. ఆయన కొలిచి, మాస్టారి దగ్గరే పనిచేసే ఆయన ఒక్కగానొక్క కూతురి వైపు వేలు చూపించాడు. మధ్యాహ్నం మూడింటికి ఆమెని కోర్టుకి తీసుకెళతారు. అక్కణ్ణించి జైలుకి.

పేచీని కుదుర్చుకున్నవాడు ఆ అమ్మాయి మొగుడు. "నా భార్య చీమకైనా అపకారం చెయ్యదు మేడమ్, మీరే దిక్కు," అని అడ్వాన్సు చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు నాలుగేళ్ళ కొడుకుని ఒళ్ళో పెట్టుకుని వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

డాక్టరు గొంతు తగ్గించాడు. "స్వభావం సంగతి పక్కన పెట్టండి. అచ్చు సంగతి చెప్పండి. వర్క్‌షాపులో పనిచేసే పద్నాలుగు మందివీ, మాస్టారి కూతురిదీ కుడిచేతులు కొలిచాను. అచ్చులో నిష్పత్తి సున్నా పాయింటు తొమ్మిది ఒకటి. ఇంత తక్కువ మగవాళ్ళలోనే అరుదు. ఆ అమ్మాయిది సరిగ్గా అంతే. ఐదు వేళ్ళ పొడవులూ అచ్చుకి అతికినట్టు సరిపోయాయి. ఇంకెవరివీ దరిదాపుల్లోకి రాలేదు. దీనికేమంటారు?"

ఓటమి ఒప్పుకోవడం పేచీకి చేతకాని పని.

"ఎడమచేతి అచ్చు కొలిచారా?"

"అవసరం లేదు. హార్మోన్ జాడ కుడిచేతిలోనే బాగా తెలుస్తుంది. నాలాంటి వాళ్ళు ఎక్కువమంది కుడినే నమ్ముతారు."

"మంచిది. మీరు చూడనిదేదో నేను చూస్తాను," అని పేచీ లేచింది.

మాస్టారి కూతురు ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం కాదు అది, కోపంతో బిగుసుకున్న ముఖం. పేచీ కుర్చీ లాక్కుని కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట, "బాబు ఏమైనా తిన్నాడా?"

"బిస్కెట్లు తింటున్నాడు. బల్లంతా పొడి చేశాడు. నీ చేతులు చూపించమ్మా."

"మీరు కూడానా?"

"ఆయన ఒక చెయ్యే చూశాడు. నాకు రెండూ కావాలి."

ఆమె బేడీలున్న రెండు చేతులూ చాపింది. పొడుగాటి, పనిచేసే చేతులు. గోళ్ళ చుట్టూ తెల్లగా ప్లాస్టర్ మరక. కుడిచేతి ఉంగరపు వేలు చూపుడు వేలిని దాటి బాగా ముందుకొచ్చింది. ఎడమ చేతిలో ఆ రెండు వేళ్ళూ దాదాపు సమానం. పేచీ ఒకటికి రెండుసార్లు చూసింది.

"ఎప్పుడూ ఇంతేనా?"

"పుట్టినప్పటి నుంచీ ఇంతే. ఎవరి రెండు చేతులూ ఒక్కలా ఉండవు మేడమ్. చూసుకోం గానీ, ఏదో ఒక తేడా ఉంటుంది. మా నాన్న నాకు అక్షరాల కంటే ముందు నేర్పింది అదే."

"ఆ సాయంత్రం ఆయనతో గొడవ పడ్డావట."

"పడ్డాను. పద్నాలుగు మందీ విన్నారు, దాచడానికేముంది? కొత్త మిషన్ కొందామని నేను, నా కంఠంలో ప్రాణం ఉండగా కొననని ఆయన. వారానికోసారి మాకది మామూలే. మర్నాడు ఆయనే టీ పట్టుకుని వచ్చేవారు." ఆమె గోటి చుట్టూ ఉన్న ప్లాస్టర్ గీరుకుంది. "ఆరింటికి బాబుని బడి నుంచి తెచ్చుకుని ఇంటికెళ్ళిపోయాను. మా ఆయన బాగా పొద్దుపోయాక వచ్చాడు. అప్పటిదాకా నాకు సాక్షి ఆ నాలుగేళ్ళవాడే."

"ఆ పళ్ళెంలో ప్లాస్టర్ పోసింది నువ్వేనా?"

ఆ ప్రశ్నకి మాత్రం ఆమెకి నిజంగానే రోషం వచ్చింది. "ఫోటో చూపించారు. ఒళ్ళంతా బుడగలే! పోశాక పళ్ళేన్ని నాలుగు దెబ్బలు తట్టాలి, లేకపోతే గాలి పోదు. ఇరవై నిమిషాల్లో రాయైపోతుంది, ఇక బాగుచెయ్యలేం. అలాంటి పోత మా దగ్గర ఎవరైనా పోస్తే నాన్న ఆ పూటే ఇంటికి పంపించేసేవారు. హత్య నా మీద వేస్తే వేశారు, ఆ పోత కూడా నా మీద వేస్తారా?"

పేచీకి ఆ అమ్మాయి నచ్చింది. ఉరికంబం ఎక్కబోతూ పనితనం గురించి పోట్లాడే మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు.

వర్క్‌షాపుకి డాక్టరు తన కారులో, పేచీ తన స్కూటర్ మీద వెళ్ళారు. ఆమె సాక్ష్యం చెడగొడుతుందేమోనని ఆయన వెంటబడ్డాడు. ఒక కానిస్టేబుల్ తాళం తీశాడు.

పొడవాటి గది. రెండు వైపులా పని బల్లలు. పైన కొక్కేలకి వేలాడుతున్న చేతులు, కొన్ని మణికట్టు దాకా, కొన్ని మోచేతి దాకా, రంగు వెయ్యనివి, సగం వేసినవి. ప్రతి బల్ల మీదా కొలబద్ద, ఉలి, నిలబెట్టిన ఒక అద్దం. పేచీ అద్దంలో జుట్టు సవరించుకుని ముందుకు నడిచింది.

పోత గదిలో నేల మీద మాస్టారు పడ్డ చోట సుద్ద గీత. దానికి జానెడు దూరంలో ప్లాస్టర్ పళ్ళెం. ఆమె దాని ముందు గొంతుక్కూర్చుంది.

"డాక్టరు గారూ, మీరు కాలు జారి పడబోతే గోడ మీద చెయ్యి ఎలా ఆనిస్తారు?"

"ఇలా."

"చూశారా, బరువంతా అరచేతి మొదట్లో పడింది. వేళ్ళు ఊరికే తగులుతున్నాయి. ఈ అచ్చులో చూడండి. మొదలూ కొనా ఒకే లోతు. పైనుంచి జాగ్రత్తగా అద్దినట్టు దిగింది. తూలినవాళ్ళ చెయ్యి కాదిది."

"ప్లాస్టర్ చిక్కబడి ఉంటుంది. అన్ని చోట్లా ఒక్కలాగే దిగుతుంది."

"అన్నిటికీ మీ దగ్గర జవాబుంటుంది."

"మీ దగ్గర ప్రశ్నలుంటాయి. ఏం లాభం? మూడింటికి కోర్టు."

పేచీ సంచిలోంచి పల్చటి ట్రేసింగు కాయితాలు రెండు తీసింది. ఒకటి కుడి అచ్చు మీద, ఒకటి ఎడమ అచ్చు మీద పరిచి పెన్సిల్‌తో అంచులు గీసింది. కుడిచేతి చిటికెన వేలి కొన లోపలికి కొద్దిగా వంగి ఉంది. అది ఆ అమ్మాయి చేతికి ఉన్నదే, పేచీ చూసింది. ఎడమ అచ్చు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్సిల్ ఆగింది. అక్కడా ఉంగరపు వేలు బాగా ముందుకొచ్చింది. అక్కడా చిటికెన వేలి కొన అంతే వంగింది.

ఆ అమ్మాయి ఎడమచేతి వేళ్ళు సమానంగా ఉంటాయి. చిటికెన వేలు తిన్నగా ఉంటుంది.

ఆమె గబగబా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎడమ కాయితాన్ని తిరగేసి కుడి కాయితం మీద పెట్టి రెండిటినీ కిటికీ అద్దానికి ఆనించింది. వెలుతురులో రెండు గీతలూ కలిసి ఒకటే గీత అయిపోయాయి. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"డాక్టరు గారూ, మీ సర్వీసులో ఎన్ని జతల చేతులు కొలిచుంటారు?"

"ఐదారు వేలు."

"కుడిచేతిని తిరగేస్తే అచ్చంగా ఎడమచెయ్యి అయిపోయిన మనిషిని చూశారా?"

ఆయన కాయితాల దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. వెర్నియర్ తీశాడు, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. మొదటిసారి ఆయన గొంతులో ధీమా తగ్గింది. "లేదు. ఉండరు."

"మనుషుల్లో ఉండరు. ఇక్కడ ఉంటారు." పేచీ బల్లల మీది అద్దాల వైపు చూపించింది. "ఎడమచెయ్యి పోయినవాడు వస్తే, మిగిలిన కుడిచేతిని అద్దం ముందు పెట్టించి, అద్దంలో కనబడేదాన్ని చూసి ఎడమది చేస్తారు. ఈ అద్దాలు ముస్తాబుకి కాదు. నేనే తెలివితక్కువగా జుట్టు దువ్వుకున్నాను."

"అయితే హంతకుడికి ఒక పెట్టుడు చెయ్యి ఉందంటారు."

"ఉంటే కుడిచెయ్యి వాడిది అవ్వాలి కదా, ఈ అమ్మాయిది ఎందుకైంది? రెండూ పెట్టుడు చేతులే. ఈ అమ్మాయి కుడిచేతికి పోత పోసి ఒకటి చేశారు, దాన్ని అద్దంలో చూసి ఇంకొకటి చేశారు. ఆ రెండింటికీ రబ్బరు తొడుగులు వేసి ఎవడో తడి ప్లాస్టర్‌లో అద్దాడు. మీరు వస్తారని వాడికి తెలుసు. వేలు కొలుస్తారని తెలుసు. మీకేం కావాలో అదే పళ్ళెంలో పెట్టి మీ ముందుంచాడు!"

డాక్టరు ముఖం కందగడ్డలా అయింది. తప్పు చేశాననుకుంటే ఆయన ఊరుకునేవాడేమో. మోసపోయానంటే ఊరుకోలేకపోయాడు. "రబ్బరు చేతులు వచ్చి ప్లాస్టర్‌లో అచ్చులు వేశాయట! సినిమా తియ్యండి, నడుస్తుంది. ఆ అల్లుడు పాపం అప్పుచేసి మీకు ఫీజు ఇస్తున్నాడు. మీరు చెప్పే కథలు ఎలా ఉన్నాయో నేనే చెబుతాను అతనికి," అని విసురుగా వెళ్ళి కారెక్కాడు.

పేచీ మూలమూలలా వెతికింది. కొక్కేలకి ఉన్న చేతుల్లో ఒక్కటి కూడా ఆ కొలతలకి సరిపోలేదు. కాయితాలు చుట్టి సంచిలో పెట్టుకుని స్కూటర్ తీసింది.

స్టేషన్ వరండాలో బల్ల మీద బిస్కెట్ల పొడి ఉంది. మనుషులు లేరు.

"డాక్టరు గారు వచ్చి రబ్బరు చేతులని ఏదో చెప్పి నవ్వారు మేడమ్," అన్నాడు సెంట్రీ. "అల్లుడు గారూ నవ్వారు. తర్వాత ఇంట్లో గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోయానని బాబుని ఎత్తుకుని వెళ్ళిపోయారు."

పేచీకి అప్పటికీ తట్టలేదు. తర్వాత ఆ మాట ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండేది. తిన్నగా లోపలికెళ్ళి, ఇన్‌స్పెక్టర్ ముందే, గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డ డాక్టరు ముందే ఆ అమ్మాయిని అడిగింది.

"నీ చేతులు ఎప్పుడైనా పోత పోయించావా?"

"కుడిచెయ్యి ఒకసారి. బాబు కడుపులో ఉన్నప్పుడు." ఆమె ముఖంలో కోపం కొద్దిగా సడలింది. "మా ఆయన సరదాపడ్డాడు. నీ చేతులంటే నాకు ప్రాణం, జత చేయించి ఇంట్లో పెట్టుకుందాం అన్నాడు. నాకేమో వేవిళ్ళు, కూర్చోలేకపోయేదాన్ని. నాన్న కుడిదొక్కటి పోత పోసి, నన్ను పంపించేసి, ఎడమది అద్దంలో చూసి చేసేశారు. చేతుల పనివాళ్ళం, మాకు ఒకటి చాలు."

"ఆ సంగతి మీ ఆయనకి తెలుసా?"

"ఆయన వర్క్‌షాపులో అడుగుపెట్టడు, రబ్బరు వాసన పడదు. రెండూ నావే అనుకుంటాడు. అంత సంబరపడుతుంటే ఎడమది నాది కాదని చెప్పబుద్ధి కాలేదు. ఇప్పటికీ మా గదిలో..."

ఆమె ఆగిపోయింది.

తర్వాత ఎవరి గురించో చెబుతున్నట్టు మాట్లాడింది. "వర్క్‌షాపు స్థలం అమ్ముదామని ఏడాదిగా పోరుతున్నాడు. నాన్న ఒప్పుకోలేదు. వీలునామాలో నా పేర రాసేశారు. నాన్నని చంపానని నేను జైలుకెళితే అది నాకు రాదు. బాబుకి వస్తుంది."

"బాబుకి పెద్దదిక్కు ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వాడి నాన్నే," అందామె.

పేచీ చెవులు వేడెక్కాయి. ఊళ్ళో ఇంతమంది డిటెక్టివులుండగా ఆ అల్లుడు తన తలుపే ఎందుకు తట్టాడో ఇప్పుడు తెలిసింది. తనంటే పోలీసులకి పడదు. తను ఎంత వాదిస్తే వాళ్ళు అంత బిగుసుకుంటారు. డాక్టరుకున్న వేళ్ళ పిచ్చిని ఎలా వాడుకున్నాడో తన పేచీకోరుతనాన్నీ అలాగే వాడుకున్నాడు. ఆమెకి సిగ్గేసింది. సిగ్గు వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఫోను తీసి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద ఉంచింది. పెదవుల మీద వేలుంచి అందరి వైపూ చూసింది.

"చెప్పండి మేడమ్, ఏమైనా తేలిందా?" అల్లుడి గొంతు మామూలుగానే ఉంది.

"ఏం తేల్లేదండీ. బాబు అన్నం తిన్నాడా అని మీ ఆవిడ ఒకటే గొడవ."

"తింటాడు లెండి. మేడమ్, ఏమీ అనుకోకండి. ఇక మీరు శ్రమపడొద్దు. డాక్టరు గారంతటివారు అంత గట్టిగా చెప్పాక నేను మాత్రం ఏం చెయ్యను? నా రాత ఇంతే అనుకుంటాను."

"అంటే నన్ను మానెయ్యమంటారా?"

"అవునండీ. మీ మేలు మర్చిపోను."

అవతల ఏదో చిటపటమంది. చిన్నపిల్లవాడు దగ్గాడు. దగ్గు మధ్యలోంచి ఏడుపు గొంతు, దూరం నుంచైనా స్పష్టంగా వినిపించింది.

"నాన్నా, కంపు కొడుతోంది! అమ్మ చేతులు ఎందుకు కాలుస్తున్నావు?"

ఫోను ఆగిపోయింది.

డాక్టరు గుమ్మం వదిలి పక్కకి జరిగి దారిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ బయటికి పరుగెత్తి జీపు తియ్యమని కేకపెట్టాడు. మాస్టారి కూతురు లేచి నిలబడి, బేడీలున్న రెండు చేతులూ పేచీ ముందుకు చాపింది.

"తియ్యమనండి. మీరు వెళ్ళి తలుపు కొడితే తియ్యడు. నా బిడ్డ లోపల ఉన్నాడు. నేను కొడతాను."

"నిందితురాలిని బయటికి పంపే అధికారం..." అని నసిగాడు సెంట్రీ.

"నా క్లయింటు ఇప్పుడు ఈవిడ," అంది పేచీ. "తాళం చెవి ఇలా పారెయ్యి."